గిటారు తలమీది పేరు

మన దేవాలయములందు హార్మోనియము, డోలకుల ప్రక్కన విద్యుత్ గిటారును, బేసు గిటారును చేరి చాలకాలమైనది. వానితోడనే యొక వివాదమును చేరినది. ఫెండరు మేలా, గిబ్సను మేలా? జపానువారి ఐబనెజు కొన్నవాడు తెలివిగలవాడా, తొందరపాటువాడా? బేసు గిటారునకు నాలుగు తీగెలు చాలునా, ఐదుండవలెనా? మధ్యాహ్న విరామమందు మన పై తరగతుల బాలురును, ఇటీవల బాలికలును, ఈ సంగతులనే మిక్కిలి పట్టుదలతో వాదించుకొనుచుందురు. ఉపాధ్యాయులలో కొందఱు దీనిని వట్టి కాలహరణమని త్రోసివేయుదురు. నేనట్లు త్రోసివేయను. ఆ వాదములో నిజము కొంత కలదు, భ్రమ కొంత కలదు. ఆ రెంటిని వేఱుచేసి చూడకపోవుటవలన నష్టపడువారు మన నడుమనే యున్నారు. పేరులేని గిటారు పట్టుకొని వచ్చుటకు సిగ్గుపడి గాయకబృందమునకు దూరమగు పిల్లవాడొకడు. ఆ పేరుకొఱకు వడ్డీకి సొమ్ము తెచ్చు తండ్రి యొకడు. ఈ యిరువురికొఱకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

విద్యుత్ గిటారు పనిచేయు విధము గహనమైనది కాదు. భక్తుడైన మైకేల్ ఫారడే 1831లో కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణయే దానికి మూలము. అది మన భౌతికశాస్త్ర పాఠములలో నున్నదే. ఉక్కుతీగెల క్రింద అయస్కాంతములనుంచి, వాని చుట్టును వెండ్రుకవలె సన్ననైన రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టుదురు. దీనిని పికప్పు అందురు. పై తీగె కంపించినప్పుడు రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరునకు పంపును. లాస్ ఏంజిలిసు నగరమున జార్జి బీచం, అడాల్ఫు రికెన్‌బ్యాకరు అనువారు 1932లో ఇట్టి వాద్యమును అమ్మకమునకు తెచ్చిరి. అది అల్యూమినియముతో పోతపోసినది. దాని గుండ్రని దేహమును, పొడుగు పిడిని చూచి జనులు దానిని పెనమని పిలిచిరి. వంటపాత్ర పేరుతో పుట్టిన వాద్యమునకు నేడు ఇన్ని వంశగౌరవములు కల్పింపబడుట వింతయే.

ఇక ఫెండరు, గిబ్సనుల సంగతి. ఇచ్చట మన విద్యార్థుల వాదమునకు నిజమైన ఆధారము కలదు. ఆర్విల్ గిబ్సను అమెరికాలోని మిషిగను రాష్ట్రమున, కలమజూ పట్టణమందు, వయొలిను చేయు రీతిగా ముఖపలకను వంపుగా చెక్కి మాండొలినులను, గిటారులను చేసెడివాడు. ఆయన పేరిట సంస్థ 1902లో ఏర్పడినది. కావున ఆ సంస్థవారిది వడ్రంగి బుద్ధి. 1952లో వారు వెలువరించిన లెస్ పాల్ గిటారునకు మహాగని దేహము, దానిపై మేపులు పలక, జిగురుతో అతికించిన దండి. లియో ఫెండరుదో మరమ్మతుదారుని బుద్ధి. ఆయన కాలిఫోర్నియాలోని ఫుల్లర్టను పట్టణమున రేడియోలు బాగుచేయు దుకాణము నడిపినవాడు. గిటారు వాయించుట ఆయనకు రాదు. ఆయన దండిని అతికింపక నాలుగు మరమేకులతో దేహమునకు బిగించెను. దండి చెడినయెడల విప్పి మఱియొకటి బిగింపవచ్చును. ఒకే పనసమ్రానునుండి తొలిచిన బొబ్బిలి ఏకాండి వీణను గౌరవించు మనకు ఈ మరమేకుల పని మొదట చులకనగా తోచవచ్చును. కాని ఊరూర తిరిగి రాత్రులు వాయించి బ్రతుకు పేద వాద్యగాండ్రకు అది గొప్ప మేలు చేసినది.

ఈ రెండు బుద్ధులును చెవికి, చేతికి తెలియును. ఫెండరు గిటారునందు తీగె కంపించు నిడివి 25½ అంగుళములు. గిబ్సనునందు సుమారు 24¾ అంగుళములు. ముప్పాతిక అంగుళమే కదా యనవచ్చును. కాని ఒకే లావుగల తీగెను ఒకే శ్రుతికి తేవలెనన్న పొడుగైన తీగెను ఎక్కువగా బిగింపవలెను. అందుచే ఫెండరు తీగె వ్రేలిక్రింద గట్టిగా నుండి మోత తేటగా పలుకును. గిబ్సను తీగె మెత్తగా లొంగును. చిన్నచేతుల బాలిక గిబ్సనును మెచ్చుకొనుట ఆమె వ్రేళ్లు చెప్పిన మాట. దానిని పొగరని తలంపరాదు. మఱియు, ఫెండరువారి పాత పద్ధతి పికప్పులో ఒకటే రాగిచుట్ట యుండును. దాని ధ్వని గాజువలె నిర్మలమైనది, కాని చుట్టుప్రక్కల విద్యుత్తీగెలనుండి వచ్చు రొదనుకూడ అది పట్టుకొనును. గిబ్సను సంస్థలో పనిచేసిన సేత్ లవరు అనునాయన 1955లో రెండు చుట్టలను ఎదురెదురు దిశల కూర్చి, ఒకదాని రొదను రెండవది కొట్టివేయునట్లు చేసెను. దీనినే హంబకరు అందురు. 1957 మొదలు గిబ్సనువారు గిటారులందు దానిని వాడిరి. దాని ధ్వని దళసరిది. మన మందిరములలో ట్యూబులైట్ల చోకులు, ఎర్తు సరిగా లేని ప్లగ్గులు ఎన్ని కలవో కమిటీవారికి తెలియును. అట్టిచోట ఒంటిచుట్ట పికప్పుగల గిటారు ప్రార్థన నడుమ తుమ్మెదవలె రొదచేయును. ఈ కారణముచేత మన యారాధనలకు నేను హంబకరునే కోరుదును. ఇది మాత్రము నా పక్షపాతమని విద్యార్థులెఱుగుదురు.

బేసు గిటారు సంగతి యింతకంటె ఆసక్తికరము. 1951కి పూర్వము మంద్రస్వరములకు మనిషియెత్తు డబుల్ బేసునే వాడెడివారు. దానిని బండిమీద కట్టి మోయవలెను; మెట్లు లేనందున శ్రుతి తప్పకుండ వాయించుటకు ఏండ్ల సాధన కావలెను. లియో ఫెండరు 1951లో దానిని భుజమున తగిలించుకొను గిటారుగా మార్చెను. మెట్లుండుటచే స్వరము కచ్చితముగా పలుకునని దానికి ప్రెసిషను బేసు అని పేరిడెను. తీగె నిడివి 34 అంగుళములు. నేటికిని లోకమందలి బేసు గిటారులలో నధికభాగము ఆ కొలతనే యనుసరించుచున్నవి. 1960లో జాజ్ బేసు వచ్చినది. ఈ రెంటిలో ఏది మేలని వాదించువారు ఇరువురు మహావాదకులను తలచుకొందురుగాక. డిట్రాయిటు నగరమున మోటౌను సంస్థ పాటలకు బేసు వాయించిన జేమ్సు జేమర్సను 1962నాటి ప్రెసిషను బేసును, లావైన నున్నని తీగెలతో, కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే మీటెడివాడు. తీగెలను మార్చుట ఆయనకు ఇష్టములేదు. అరిగిన తీగెల మెత్తదనమే ఆయన ధ్వని. ఫ్లారిడాలో పెరిగిన జాకో పాస్టోరియసుదియు 1962నాటి ఫెండరే, జాజ్ బేసు. మెట్లన్నియు పెరికిన ఆ వాద్యమునకు ఆయన పడవలకు పూయు ఎపాక్సీ లేపనము పూసి, మనుష్యుని గొంతువలె పాడించెను. ఒకే సంస్థ, ఒకే యేడు. కాని ఒకరి బేసు మద్దెలవలె నడిచినది, మఱియొకరిది పాటగానివలె పలికినది. లియో ఫెండరు కచ్చితత్వముకొఱకు అమర్చిన మెట్లు లేకయే జాకో వాయించెను గదా!

పాల్ మెకార్ట్నీ సంగతి వేఱు. ఆయన 1961లో జర్మనీలోని హాంబర్గు నగరమున హాఫ్నరు అను జర్మను సంస్థవారి వయొలిను ఆకారపు బేసును సుమారు 30 పౌనులకు కొనెను. ఫెండరు వెల ఆయనకు అందునది కాదు. పైగా ఆయనది ఎడమచేతి వాటము. రెండు ప్రక్కలు సమానముగా నుండు వాద్యము తలక్రిందుగా పట్టుకొన్నను వికారముగా నుండదు. బీటిల్సు తొలి పాటలలో వినబడు బేసు అదియే. దానిని 1972లో ఎవరో దొంగిలించిరి. ఏబదియేండ్లకు పైగా గడచిన పిమ్మట అది దొరికిన సంగతి 2024 ఫిబ్రవరిలో వెల్లడియైనది. నేడు హాఫ్నరు కోరువారు బీటిల్సు ధ్వని కోరి కొందురు. ఆ ధ్వనికి మొదటి కారణము ఒక యువకుని జేబులో డబ్బు తక్కువగా నుండుట.

ఐదు తీగెల వాదమును రెండు మాటలలో ముగింతును. నాల్గవ తీగె సెకనుకు సుమారు 41 కంపనములు చేయును, ఐదవది సుమారు 31. మన మందిరములలోని చిన్న స్పీకర్లు 31 కంపనములను పలుకజాలవు. వినబడని తీగెకు వెల చెల్లించుట యెందుకు?

ఇంతవఱకు చెప్పినది చేతికి, చెవికి సంబంధించిన భేదము. ఇక భ్రమ సంగతి. బిరడలుండు భాగమును గిటారు తల అందురు. చేసినవారి పేరు అచ్చట వ్రాయబడియుండును. మన పిల్లలు మొదట చూచునది ఆ పేరునే. ఆ పేరు వేనికి సాక్ష్యమిచ్చునో విచారింతము. లియో ఫెండరు తన సంస్థను 1965లో సి.బి.ఎస్. అను రేడియో, టెలివిజను సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు విక్రయించెను. పేరు మారలేదు, కాని ఆ తరువాత వచ్చిన గిటారులు మునుపటివాటికి తీసికట్టని వాద్యగాండ్రు చాలకాలము గొణిగిరి. 1985లో సంస్థలోని యుద్యోగులు కొందఱు పెట్టుబడిదారులతో కలిసి దానిని తిరిగి కొనిరి. లియో ఫెండరు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మ్యూజిక్ మ్యాన్ అను సంస్థకును, పిమ్మట జి అండ్ ఎల్ అను సంస్థకును 1991లో మరణించువఱకు క్రొత్త వాద్యములను కల్పించెను. ఫెండరు కడపటి యేండ్లలో కల్పించిన గిటారుల తలపై ఫెండరను పేరు లేదు! ఆ పేరును ఆయన అమ్మివేసెను గదా. ఫెండరు గిటారే కావలెనని పట్టుబట్టువారు దేనిని కోరుచున్నట్లు? ఆయన పనిని కోరుచున్నారా, ఆయన అమ్మిన అక్షరములనా?

గిబ్సను సంస్థ 1984లో కలమజూ కర్మాగారమును మూసి, పని యంతయు టెన్నెసీ రాష్ట్రములోని నాష్‌విల్లునకు తరలించెను. ఊరు విడువని పనివారు కొందఱు 1985లో ఆ పాత కర్మాగారమందే హెరిటేజి అను పేరుతో గిటారులు చేయసాగిరి. పేరు ఒక యూరికి పోయినది, చేతులు ఒక యూర నిలిచినవి. మఱియొక వింత. లియో ఫెండరు 1950లో బ్రాడ్‌కాస్టరు అను గిటారును వెలువరింపగా, గ్రెచ్ సంస్థవారు తమ డోళ్లకు అట్టి పేరే కలదని యాక్షేపించిరి. 1951లో టెలికాస్టరను పేరు నిశ్చయమగువఱకు, వృథాచేయనొల్లని ఆ సంస్థవారు తలమీది కాగితపు గుర్తునుండి ఆ మాటను కత్తిరించి, ఫెండరను పేరొక్కటే మిగిల్చి గిటారులు పంపిరి. అట్లు మోడలుపేరులేక వెలువడిన గిటారులను నేడు సంగ్రాహకులు మిక్కిలి వెలబెట్టి కొనుచున్నారు.

జపానువారి కథయు వినదగినది. ఐబనెజు గిటారులను అమ్ము హోషినో సంస్థ 1908లో నాగోయా నగరమున సంగీతపు పుస్తకముల యంగడిగా మొదలైనది. 1970లలో వారు గిబ్సను గిటారులను చాల దగ్గఱగా అనుకరించిరి. నాడు గిబ్సనుకు యజమానియైన నార్లిన్ సంస్థ 1977లో వారిపై వ్యాజ్యము తెచ్చెను. అది ధ్వనినిగూర్చిన వ్యాజ్యము కాదు, తల యాకారమునుగూర్చినది. అప్పటికే ఐబనెజువారు ఆ యాకారమును మార్చియుండిరి. మఱుసటి యేడు రాజీ కుదిరినది. ఇప్పటి స్థితి యింకను చిక్కైనది. కొరియాకు చెందిన కార్టెక్ సంస్థ ఇండొనీషియాలోని తన కర్మాగారములందు పెక్కు పేర్లకు గిటారులు చేసి పంపుచున్నది. స్క్వయరు ఫెండరువారిదే, ఎపిఫోను గిబ్సనువారిదే. దండిమీద వ్రేళ్లానించు నల్లని పలకకు పరదేశపు చేవయని మన పిల్లలు మురిసిపోవుదురు. అది పెక్కు గిటారులలో మన దక్షిణదేశపు అడవుల జిట్రేగియే.

కండ్లు మూసిన చెవి ఏమి చెప్పునో వయొలినుల విషయమున పరీక్షించి చూచిరి. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిసు నగరమున 21 మంది వయొలిను విద్వాంసులకు చూపు కానరాని కండ్లద్దములు తగిలించి, ఆరు వయొలినులనిచ్చిరి. వానిలో మూడు క్రొత్తవి, రెండు స్ట్రాడివేరియసులు, ఒకటి గ్వర్నేరి. అధికులు మెచ్చినది ఒక క్రొత్త వాద్యమును. అందఱికంటె తక్కువ మెప్పు పొందినది ఒక స్ట్రాడివేరియసు. ఈ ఫలితములు 2012లో ప్రకటింపబడినవి.

అట్లయిన అన్ని గిటారులు నొకటియేనా యని తల్లిదండ్రు లడుగవచ్చును. కాదు. చౌకవస్తువులో చెడ్డది చెడ్డదే. దానితో నేర్చుకొను పిల్లవాడు తన వ్రేళ్లనే నిందించుకొని సాధన మానివేయును. కాని చెడుగును కనిపెట్టుటకు పేరు అక్కఱలేదు. దండిని కంటికెదురుగా పట్టి వంకర యున్నదేమో చూడవలెను. మెట్ల యంచులపై బొటనవ్రేలు నడపిన కోయరాదు. పండ్రెండవ మెట్టుపై నొక్కిన స్వరము విడితీగె స్వరమునకు సరిగా పై స్థాయిలో పలుకవలెను. శ్రుతి చూపు సాధనములు ఇప్పుడు ఫోనులందే కలవు. కొంతసేపు వాయించిన తరువాత బిరడలు జారరాదు. తీగెలు మెట్లకు మరీ ఎత్తుగా నుండరాదు. ఉన్నచో తెలిసినవానిచేత స్వల్పమైన కూలికి దించుకొనవచ్చును. ఈ పరీక్షలందు నెగ్గిన గిటారు ఏ మార్కుదైనను కొనవచ్చును. నెగ్గనిది ఎంత గొప్ప పేరుదైనను అంగడిలోనే విడువవలెను. దుకాణదారు నొచ్చుకొనిన నొచ్చుకొనుగాక.

పేరులేని వాద్యమునకు సిగ్గుపడు పిల్లవానితో ఒక మాట. బ్రయన్ మే అను ఆంగ్ల బాలుడు ఫెండరు కొనలేక, 1963లో తండ్రితో కలిసి ఇంటిలోనే గిటారు చేయ మొదలుపెట్టెను. దండికి పాత పొయ్యిగూటి చట్రపు కఱ్ఱ. మెట్ల గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. దానినే ఆయన క్వీన్ బృందమున జీవితకాలము వాయించెను. నక్షత్రభౌతికశాస్త్రమున 2007లో డాక్టరు పట్టమును బొందెను. మన పాలకొల్లున 1969లో పుట్టి 2014లో దివంగతులైన ఉప్పలపు శ్రీనివాసుగారు మాండొలినుపై కర్ణాటక సంగీతము వాయింపగోరిరి. అంగడి మాండొలినుకు నాలుగు జంట తీగెలు. జంట తీగెలపై గమకము పలుకదు. ఆయన ఐదు ఒంటి తీగెలతో విద్యుత్ మాండొలినును తన సంగీతమునకు తగినట్లు మార్చుకొనిరి. ఇక రోసెట్టా థార్పు. ఆమె 1915లో ఆర్కాన్సా రాష్ట్రమున పుట్టిన నల్లజాతి స్త్రీ. ఆమె తల్లి సువార్తికురాలు. దేవుని పాటలను విద్యుత్ గిటారుపై పాడి, రాబోవు తరపు వాద్యగాండ్రకు దారిచూపిన యామె 1964లో ఇంగ్లండులోని మాంచెస్టరున, వాడుకలోలేని యొక రైల్వేస్టేషను ప్లాట్‌ఫారముమీద వాయించెను. శ్రోతలు పట్టాల కావలి ప్లాట్‌ఫారముమీద కూర్చుండిరి. వాన వచ్చినది, ఆమె జలప్రళయమునుగూర్చిన ఆధ్యాత్మిక గీతముతో మొదలుపెట్టెను. ఆనాడు ఆమె మెడలో నున్నది తెల్లని గిబ్సను. అంతకుముందు వేఱు గిటారులు వాయించినది. ఆ చలనచిత్రము ఇప్పుడును చూడదొరకును; చూచినవారికి గుర్తుండునది ఆమె ముఖమును, చేతులును.

హెడ్మాస్టరుగారికిని, సంగీతసభవారికిని నా మనవి రెండు విషయములు. ఒకటి, పాఠశాల సొమ్ముతో హంబకరుగల గిటారు నొకదానిని, నాలుగు తీగెల బేసు నొకదానిని, పైన చెప్పిన పరీక్షలు చేసి, పేరు చూడక కొని, సొంత వాద్యములేని పిల్లలకు సంగీతపు గదిలో నుంచవలెను. ఏటేట తీగెలకు కొంత సొమ్ము వేఱుగా కేటాయింపవలెను. రెండు, వార్షికోత్సవమునకు ముందు ఒక శనివారమున విద్యార్థులు తమతమ గిటారులను తెచ్చి తెరచాటున నుంచవలెను. ఒకే విద్యార్థి, ఒకే యాంప్లిఫయరుపై, ఒకే మోతాదు శబ్దముతో, ఒకే పాట వాయింపవలెను. ఇవతలివారు చీటీలమీద అంకెలు వేయవలెను. చీటీలు లెక్కించు పని నేను చేసెదను. తెరకు నిరుటి క్రిస్మసు నాటకపు నల్లగుడ్డ చాలును. అది లైబ్రరీ అటకమీద నున్నది.